బండి చక్రం మీద వెలిగిన ఎదురుచూపు



ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. పోయిన ఏడాది డిసెంబరులో నేను పదకొండు సెమీ క్రిస్మస్ కూటాలకు వెళ్ళాను. పదకొండు చోట్లా కేకు కోశాం. పదకొండు చోట్లా లూకా రెండో అధ్యాయమే చెప్పాను. తీరా 24వ తేదీ రాత్రి మన మందిరంలో ప్రసంగానికి నిలబడితే లోపల ఏమీ మిగల్లేదు. నోరు మాట్లాడుతోంది, మనసు ఎక్కడో ఉంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి మోకరించి ప్రభువును క్షమాపణ అడిగాను. పండుగ రాకముందే పండుగను ఖర్చు చేసేశాను. ఎదురుచూడడం మాత్రం ఒక్క రోజూ చేయలేదు.

అందుకే ఈసారి ఆగమన కాలానికి ముందే, ఎదురుచూడడాన్ని సంఘం ఎలా నేర్చుకుందో చెప్పే పాత సంగతులు కొన్ని మీతో పంచుకుంటున్నాను.

లాటిన్ భాషలో 'అద్వెంతుస్' అంటే రాక. చక్రవర్తి పట్టణానికి వచ్చినప్పుడు ఎదురేగి స్వాగతం పలికే వేడుకకు రోమీయులు ఆ మాట వాడేవారు. విశ్వాసులు దాన్ని రాజులకు రాజైన క్రీస్తు రాకకు వాడుకున్నారు. 380లో స్పెయిన్ దేశంలోని సారగోసా పట్టణంలో కూడిన బిషప్పుల సభ, డిసెంబరు 17 నుండి జనవరి 6 వరకు, అంటే 21 రోజులు, ఎవరూ ఆరాధన మానకూడదని తీర్మానించింది. ఐదో శతాబ్దంలో నేటి ఫ్రాన్స్‌లోని టూర్ పట్టణపు బిషప్ పెర్పెట్యూస్, నవంబరు 11 నుండి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని చెప్పాడు. చూశారా? ఆనాటివారు పండుగకు ముందు కడుపు మాడ్చుకున్నారు. మనం పండుగకు ముందే బిర్యానీ తింటున్నాం.

ఇప్పుడు జర్మనీకి వద్దాం. హాంబర్గ్ నగరంలో 1808లో యోహాన్ విషెర్న్ పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. పదిహేనో ఏట తండ్రి చనిపోతే, ట్యూషన్లు చెప్పి ఇంటిని ఆదుకున్నాడు. తర్వాత వేదాంతం చదివి, సండేస్కూల్ ఉపాధ్యాయుడిగా పేదల ఇళ్ళకు వెళ్ళి, అక్కడి ఆకలి, మురికి, తాగుడు కళ్ళారా చూశాడు. 1833లో నగరం వెలుపల ఒక పాత ఇంట్లో, దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం మొదలుపెట్టాడు. దాని పేరు రౌహెస్ హౌస్. అప్పటికి ఆయనకు 25 ఏళ్ళు. పిల్లల్ని జైలులో పెట్టినట్టు పెట్టలేదు. పన్నెండు మంది చొప్పున ఒక కుటుంబంగా చేసి, ఒక్కో కుటుంబానికి ఒక అన్నను తోడుంచాడు.

క్రిస్మస్ ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు రోజూ అడిగేవారని చెప్పుకుంటారు. 1839లో విషెర్న్ ఒక చక్రాన్ని ప్రార్థన గదిలో వేలాడదీశాడు. అది పాత బండి చక్రమని అంటారు. ఆ ఏడు మొదటి ఆగమన ఆదివారం డిసెంబరు 1న వచ్చింది. 24వ తేదీ వరకు 24 రోజులు. నాలుగు ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు. రోజూ ప్రార్థనలో ఒకటి అదనంగా వెలిగించేవారు. డిసెంబరులో హాంబర్గ్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. బయట చీకటి పెరిగేకొద్దీ లోపల వెలుగు పెరుగుతూ వచ్చింది. ఈనాడు మందిరాల్లో కనిపించే నాలుగు కొవ్వొత్తుల ఆగమన వలయానికి మూలం ఆ చక్రమే.

ఈ సంగతి చదివాక నన్ను ఆపింది ఒక్కటే. ఆ కొవ్వొత్తులన్నీ మొదటి రోజే వెలిగించి ఉంటే గది ఎంతో అందంగా ఉండేది. కానీ పిల్లలకు ఎదురుచూడడం వచ్చేది కాదు. నేను పోయిన ఏడాది చేసిన పని అదే. 24 కొవ్వొత్తులూ ఒకేసారి వెలిగించాను. అసలు రాత్రికి మైనం మిగల్లేదు.

ఎదురుచూడడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. పిల్లలకు కొవ్వొత్తులు వెలిగించిన ఆ విషెర్నే, 1848లో విట్టెన్‌బర్గ్ సభలో లేచి, పేదల పట్ల ప్రేమ చూపడం కూడా సువార్త పనేనని సంఘాలను కదిలించాడు. సుమెయోను, అన్న ఎన్నాళ్ళో ఎదురుచూశారు. ఆ ఎదురుచూపే వాళ్ళ పరిచర్య అయింది. అందుకే పసిబిడ్డను చూడగానే గుర్తుపట్టారు.

మన సండేస్కూల్లో ఒక పాప ఉంది. తండ్రి హైదరాబాదులో కట్టడం పనిలో ఉన్నాడు. "అయ్యగారూ, క్రిస్మస్‌కి ఇంకా ఎన్ని రోజులు?" అని ఆదివారం ఆదివారం అడుగుతుంది. కేకు కోసం కాదు, నాన్న వస్తాడని. ఎదురుచూడడం ఎలాగో ఆ పాపకు నాకంటే బాగా తెలుసు.

ఎడ్లబండ్లు పోయాక మన ఊళ్ళో పాకల పక్కన ఒరిగిపోయిన చక్రాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి అడిగి తెచ్చాను. డిసెంబరు 1 నుండి సాయంత్రం ప్రార్థనలో రోజుకో కొవ్వొత్తి, రోజుకో అధ్యాయం. లూకా సువార్తలో 24 అధ్యాయాలే ఉన్నాయి, సరిగ్గా సరిపోతాయి. ఆ పాప చేతే మొదటిది వెలిగిస్తాం. కూటాలకు పిలిచినవారు నొచ్చుకోవద్దు, ఈసారి రెండింటికే వస్తాను. మిగతా సాయంత్రాలు మంచం పట్టిన ముసలివాళ్ళ దగ్గర గడుపుతాను. కొవ్వొత్తి మనల్ని రక్షించదు. కానీ రోజుకొకసారి ఆగి, ప్రభువు వైపు తల ఎత్తమని గుర్తుచేస్తుంది. ఒకసారి పసిబిడ్డగా వచ్చినవాడు మళ్ళీ రాజుగా రాబోతున్నాడు కదా.

ప్రభువా, పండుగ హడావుడిలో నిన్ను పోగొట్టుకోకుండా మమ్మల్ని కాపాడు. నీ రాక కోసం మెలకువగా ఉండే మనసు ఇయ్యి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.