కలోంజీ: హదీసు వ్యాఖ్యానంలో, వైద్య చరిత్రలో

గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలు 1948 వరకు ఆసఫ్‌జాహీ ఏలుబడిలో ఉండేవి. చార్మినార్ చెంత నిజామియా ఆస్పత్రిని నెలకొల్పిన ఆ రాజ్యంలో యునానీ వైద్యానికి ఆదరణ మెండు. ఆ వైద్యంలో వాడే దినుసులలో కలోంజీ ఒకటి. తెలుగులో ఇది నల్ల జీలకర్ర. బిర్యానీలో వేసే షాజీరాను కూడా కొందరు ఇదే పేరుతో పిలువడం వలన ఒకదానికి బదులు మరొకటి ఇంటికి చేరుతుంటుంది. కలోంజీ గింజ నల్లగా, కోణాలు తేలి ఉంటుంది. షాజీరా సన్నగా, వంపు తిరిగి ఉంటుంది.

మరణానికి తప్ప ప్రతి వ్యాధికీ ఈ గింజలో స్వస్థత ఉన్నదని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ అబూ హురైరా (రజి)ల ఉల్లేఖనాలు సహీహ్ బుఖారీలో గలవు. దీనిని పట్టుకొని, ఏ జ్వరానికైనా కలోంజీ చాలు, డాక్టరుతో పనిలేదనే వారు మనలో లేకపోలేదు. కాని సందర్భం కూడా అక్కడే ఉన్నది. గాలిబ్ బిన్ అబ్జర్ ప్రయాణంలో జబ్బుపడ్డారు. పరామర్శకు వచ్చిన ఇబ్న్ అబీ అతీఖ్ ఐదో ఏడో గింజలు నూరి, నూనెలో కలిపి, రెండు ముక్కుపుటాలలో చుక్కలుగా వేయమన్నారు. మోతాదు, పద్ధతి రెండూ చెప్పిన చికిత్స ఇది!

"ప్రతి వ్యాధి" అన్నది సామాన్య పదమే అయినా ఉద్దేశం ప్రత్యేకమని, శీతల, శ్లేష్మ వ్యాధులకే అది వర్తిస్తుందని పదవ శతాబ్దపు వ్యాఖ్యాత ఖత్తాబీ వివరించారు. ఇబ్న్ ఖల్దూన్ మరింత ముందుకు పోయి, ఇటువంటి వైద్యం అరబ్బుల అనుభవానికి చెందినదే గాని వహీ కాదన్నారు. దీనిని అందరూ అంగీకరించలేదు. ఖత్తాబీ మార్గమే నాకు సమంజసంగా తోస్తున్నది.

మశూచికి, తట్టుకు గల లక్షణ భేదాన్ని విపులంగా గ్రంథస్థం చేసిన అల్ రాజీ కూడా ఈ సంప్రదాయపు వైద్యుడే. ఆ మశూచి మన పల్లెలను విడిచింది టీకాల వలన. భారతదేశంలో చివరి కేసు 1975లో.

ఇటీవలి మాట. 2020లో పాకిస్తాన్‌లో 313 మంది కోవిడ్ రోగులపై పరీక్ష జరిపి, తేనె, కలోంజీ ఇచ్చిన వారు త్వరగా కోలుకున్నారని పరిశోధకులు ప్రకటించారు. రెండూ కలిపి ఇచ్చినందున గింజ పాలెంతో విడదీయలేము. ఆ రోగులకు మామూలు చికిత్స కూడా యథాప్రకారం జరిగింది.