"బండెనక బండి కట్టి" ఎవరి పాట?

మాది మెదక్ అనగానే ఆఫీసులో అందరూ అడిగేది 1924 నాటి చర్చి గురించే. చూడాల్సిందే, కాదనను. కానీ "మా భూమి" సినిమా తీసింది కూడా మా జిల్లా మంగళపర్తిలోనే అంటే ఎవరూ నమ్మరు. అందులో "బండెనక బండి కట్టి" పాడిన గద్దర్‌ది తూప్రాన్. మీరు నాగపూర్ రోడ్డు మీద పోయేటప్పుడు తగిలే ఊరే.

మొన్న ల్యాప్‌టాప్‌లో పాత పాటలు సర్దుతుంటే ఇదే పాట ఐదు ఫోల్డర్లలో దొరికింది. ఐదింట్లోనూ ఆర్టిస్ట్ గద్దర్. రచయిత కాలమ్ ఒకదాంట్లో ఖాళీ, మిగతా నాలుగింట్లో అక్కడా గద్దరే! ఇంజినీరింగ్ అయ్యేదాకా నేనూ అట్లాగే అనుకున్నా, కాబట్టి ఎవర్నీ అనేదేం లేదు.

పాట కట్టింది బండి యాదగిరి. 1946-51 సాయుధ పోరాట కాలంలో. నిజాం సర్కారును మొహం మీదే నిలదీసే పాట. దాన్ని రికార్డు చేసే ధైర్యం ఏ గ్రామఫోను కంపెనీకి ఉంటుంది? అదే దశకంలో శంకరంబాడి సుందరాచారి రాసిన "మా తెలుగు తల్లికి" టంగుటూరి సూర్యకుమారి గొంతులో ప్లేటుకెక్కింది. యాదగిరి పాట మాత్రం నోటి నుంచి నోటికే నడిచింది. నోటి పాటకు లేబుల్ ఉండదు కదా, ఎవరు పాడితే వాళ్ళదే.

ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1979లో, బి. నర్సింగరావు నిర్మాతగా, బెంగాలీ గౌతమ్ ఘోష్ దర్శకుడిగా "మా భూమి" తీశారు. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. మామూలుగా సినిమాల్లో గొంతు ఒకరిది, మొహం ఇంకొకరిది. ఇక్కడ గొంగడేసుకుని తెర మీద ఆడింది, పాడింది ఒక్కడే. నాకైతే గందరగోళమంతా అక్కడే మొదలైందనిపిస్తుంది. అంత బలంగా ఒక మనిషి పాటలో కనబడితే, ఇంకెవరో కట్టారన్న అనుమానం ఎవరికొస్తుంది? తర్వాత క్యాసెట్లలో, ధూం ధాంలలో అందరూ అందుకున్నది ఆ సినిమా వరసనే.

అన్నట్టు, అదే సినిమాలోని "పల్లెటూరి పిల్లగాడ" సుద్దాల హనుమంతుదని చాలామందికి తెలుసు. కొడుకు అశోక్ తేజ సినిమా కవి కావడం అందుకు కొంత కారణం. యాదగిరి పేరు అంతగా వినబడదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయినప్పుడు నేను మొదట పెట్టుకున్నదీ ఈ పాటే. మొన్న ఐదు ఫైళ్ళలోనూ రచయిత కాలమ్ దిద్దాను. ఆర్టిస్ట్ కాలమ్ ముట్టుకోలేదు, అది గద్దర్‌దే.