పలుకుల భాండాగారము - బి.బి.సి. మౌఖిక చరిత్ర

చరిత్ర రచనకు ఆధారములు పెక్కు విధములు. శాసనములు, తాళపత్రములు, నాణెములు, ప్రభుత్వ దస్తావేజులు మొదలైనవాటిని పండితులు మొదటినుండియు ఆదరించుచు వచ్చిరి. జరిగినదానిని కన్నులార చూచినవారి నోటిమాటకు మాత్రము అంతటి ఆదరణ చాలకాలము లభింపలేదు. కరణముగారి లెక్కలలో ఏ పొలమునకు ఎంత శిస్తో యుండును. ఆ శిస్తు చెల్లించుటకై కాడి యెడ్లను అమ్ముకొన్న రైతు గోడు అందు ఉండదు. అది తెలియవలెనన్న ఆ రైతునో, అతని బిడ్డలనో అడుగవలెను. ఇట్లు అడిగి, చెప్పినవారి కంఠముననే పదిలపరచు చరిత్రకు మౌఖిక చరిత్ర యని పేరు.

మాటయే వృత్తిగా గల ఒక సంస్థ తన చరిత్రను ఈ మార్గమున సేకరించి, చాలకాలము లోపలనే దాచియుంచి, తుదకు ప్రజలకు తెరచిన వృత్తాంతము గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగినది. ఆ సంస్థ బ్రిటనునందలి బి.బి.సి.

బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1922 అక్టోబరు 18వ తేదీన ఏర్పడెను. నవంబరు 14న లండను నుండి దాని ప్రసారములు ఆరంభమయ్యెను. 1927 జనవరి 1న అది రాజశాసనముచే కార్పొరేషనుగా మారెను. ఆ తొలినాళ్లలో దానికి అధిపతి జాన్ రీత్. రేడియో గలవారు ఏటేట పది షిల్లింగులు చెల్లించి లైసెన్సు పొందవలసియుండెను. అనగా ఆ సంస్థను పోషించినది సామాన్య ప్రజల సొమ్మే.

ఆరంభ దశలో ప్రసారమైన మాట ప్రసారమైనంతనే గాలిలో కలిసిపోయెడిది. దానిని ముద్రించి యుంచు సాధనములు నాడు లేవు. 1930 తరువాత ఉక్కు పట్టీపై శబ్దమును నిలుపు యంత్రములు వచ్చినను, అవి ఖరీదైనవి, బరువైనవి. ఆ విధముగా తొలి ప్రసారములలో అత్యధిక భాగము నశించెను. మిగిలినవి ఉత్తరములు, సమావేశముల నిర్ణయములు, ప్రసంగముల ప్రతులు. వీటిని భద్రపరచుటకు రెడింగు పట్టణ సమీపమునందలి కేవర్షామున 1970లో లిఖిత పత్రాగారము నెలకొల్పబడెను. ఆసా బ్రిగ్స్ అను చరిత్రకారుడు ఇట్టి పత్రములను శోధించి బ్రిటిషు ప్రసార చరిత్రను ఐదు సంపుటములుగా రచించెను. మొదటిది 1961లోను, ఐదవది 1995లోను వెలువడినవి.

అయినను పత్రము చెప్పగలిగినది కొంతవఱకే. సమావేశమున ఏమి నిశ్చయించిరో అది చెప్పును. ఎవరు మొగము చిట్లించిరో, ఎవరు భయపడి మౌనము వహించిరో చెప్పదు. ఈ కొఱతను గుర్తించి పూనుకొన్నవాడు ఫ్రాంక్ గిలార్డ్. ఈయన రెండవ ప్రపంచ యుద్ధమున బి.బి.సి. విలేఖరి. 1942 ఆగస్టు 19న ఫ్రాన్సు తీరమునందలి దియెప్ పట్టణముపై జరిగిన దాడికి ఆయన ప్రత్యక్ష సాక్షి. ఆ యొక్క దినమున 900 మందికి పైగా కెనడా సైనికులు మరణించిరి. అయితే యుద్ధవార్తలు సైనికాధికారుల తనిఖీకి లోబడి మాత్రమే వెలువడవలసియుండుటచే, నాటి శ్రోతలకు ఆ వినాశము పూర్తిగా తెలియలేదు. చూచినదానికిని చెప్పనిచ్చినదానికిని గల యంతరమును గిలార్డ్ స్వానుభవమున నెఱిగినవాడు. యుద్ధానంతరము ఆయన రేడియో విభాగమున అత్యున్నత పదవి నలంకరించెను. 1967లో ఆరంభమైన స్థానిక రేడియో కేంద్రములకు ఆయనయే ప్రధాన ప్రేరకుడు.

1972లో సంస్థకు ఏబది యేండ్లు నిండెను. అప్పటికి ఉద్యోగ విరమణ చేసియున్న గిలార్డ్, తనతోడి వృద్ధులను ఒక్కొక్కరిగా కలిసికొని, వారు చూచినదానిని చెప్పించి టేపుపై నెక్కించు కార్యమునకు శ్రీకారము చుట్టెను. ఇవి ప్రసారము కొఱకు గాక, సంస్థ చరిత్ర కొఱకు సేకరింపబడినవి. కాలక్రమమున ఇట్టి సంభాషణలు కొన్ని వందలయ్యెను.

ఈ పని యెంత ఆలస్యముగా ఆరంభమయ్యెనో గమనింపదగును. జాన్ రీత్ 1971 జూన్ నెలలో, అనగా సేకరణ మొదలగుటకు ముందటి యేడే మరణించెను. ఆయన దినచర్య పుస్తకములును, టెలివిజనులో చెప్పిన కొన్ని మాటలును మిగిలినవిగాని, ఈ భాండాగారమున ఆయన కంఠము చేరలేదు. ప్రసంగ శాఖకు 1927లో తొలి డైరెక్టరైన హిల్డా మేథిసన్ అను విదుషీమణి, రీత్‌తో అభిప్రాయభేదములచే పదవి వీడి, 1940లోనే కన్నుమూసెను. జమైకా దేశస్థురాలైన కవయిత్రి, ఆ సంస్థయందు కార్యక్రమ నిర్మాతయైన తొలి నల్లజాతి మహిళ ఊనా మార్సన్ 1965లో గతించెను. వీరిని అడుగవలసిన ప్రశ్నలు అడుగువారు లేకయే పోయినవి. పత్రము నూఱేండ్లు పెట్టెలో వేచియుండగలదు, మనుష్యుడు వేచియుండలేడు.

సేకరించిన కంఠములు సయితము చాలకాలము బయటివారికి సులభముగా లభింపలేదు. ఇందుకు దురుద్దేశమొక్కటే కారణమనుట న్యాయము కాదు. తోటి ఉద్యోగులను గూర్చియు, మంత్రులను గూర్చియు నిస్సంకోచముగా చెప్పిన మాటలు అందుండును. చెప్పినవారి అనుమతి కావలెను. వారు లేనిచో వారసుల అనుమతి కావలెను. ఆ మాటలలో పేర్కొనబడి జీవించియున్నవారి గౌరవమును పాటింపవలెను. పాత టేపులు కాలము గడచినకొలది చెడును. ఏ టేపులో ఎవరు దేనిని గూర్చి చెప్పిరో తెలుపు పట్టిక లేనిచో, తలుపు తెరచియు ప్రయోజనము లేదు.

కాని తలుపు మూసియుంచుటవలన కలుగు నష్టము స్వల్పము కాదు. బి.బి.సి. తాను నియమింపదలచినవారి రాజకీయాభిప్రాయములను గూఢచారి శాఖచేత రహస్యముగా విచారింపజేయుట 1930 ప్రాంతముల నుండి దశాబ్దముల పాటు సాగెను. అనుమానితుల కాగితములపై క్రిస్మస్ చెట్టును పోలిన గుర్తు వేయబడెడిది. 1985లో ఒక వార్తాపత్రిక దీనిని వెల్లడించువఱకు సంస్థ పైకి ఒప్పుకొనలేదు. ఉద్యోగము రాకపోయినవానికి ఎందుకు రాలేదో తెలియదు. నిజము పలుకుటయే ధర్మమని చాటుకొను సంస్థయందు ఇట్టిది జరుగగలిగినపుడు, దాని చరిత్రను దానికే వదలిపెట్టరాదనుట స్పష్టము. సొమ్ము చెల్లించిన ప్రజలకు ఆ చరిత్రయందు హక్కు కలదు.

2017లో ససెక్స్ విశ్వవిద్యాలయము, బి.బి.సి.తో కలిసి, ఈ సేకరణను వెలికి తెచ్చు ప్రణాళికను చేపట్టెను. డేవిడ్ హెండీ అను ఆచార్యుడు దీనికి సారథి. టేపులను కొత్త సాధనములలోనికి మార్చుట, పట్టికలు తయారుచేయుట, అనుమతులు సంపాదించుట మొదలైన పనులు ఓర్పుతో జరిగినవి. సంస్థలోనివారి మాట ఒక్కటే చాలదని, ఇతర సేకరణలను దీనితో జోడించిరి. వానిలో 1937లో ఆరంభమైన మాస్ అబ్జర్వేషన్ ముఖ్యమైనది. సామాన్య స్త్రీపురుషులు వ్రాసిన దినచర్యలు అందు గలవు. పలికినవారి సాక్ష్యమునకు విన్నవారి సాక్ష్యము ఈ విధముగా తోడయ్యెను. బి.బి.సి.ని తీర్చిన నూఱు కంఠములను శీర్షికతో, ఎన్నికలు, టెలివిజను పుట్టుక, మార్గదర్శకురాండ్రైన స్త్రీలు మొదలైన విషయముల వారీగా ఎన్నిక చేసిన భాగములు అంతర్జాలమున అందరికిని అందుబాటులోనికి వచ్చినవి. సంస్థ శతవార్షికము జరిగిన 2022లో హెండీ రచించిన ప్రజాచరిత్ర గ్రంథమును వెలువడెను.

ఇట్టి సాక్ష్యముల విలువకు ఒక యుదాహరణము చాలును. పార్లమెంటులో రెండు వారములలోపల చర్చకు రానున్న విషయమును ప్రసారములలో చర్చింపరాదను నియమము ఒకప్పుడు బ్రిటనున అమలులో నుండి, సూయజ్ సంక్షోభానంతరము 1956 తుదిని నిలిపివేయబడెను. ఎన్నికల ప్రచారమును వార్తలలో చెప్పుటకే జంకిన ఆ రోజులలో, 1950 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి ఎన్నికల ఫలితములను తొలిసారి టెలివిజనులో చూపుటకు పూనుకొన్నవారిలో గ్రేస్ విండమ్ గోల్డీ ప్రముఖురాలు. అట్లే, వివాహిత స్త్రీలకు ఉద్యోగము నిరాకరించు నిబంధన 1932 నుండి 1944 వఱకు ఆ సంస్థలో నుండెను. కాగితముపై నివి రెండేసి పంక్తులు. ఆ నియమముల క్రింద పనిచేసినవారు చెప్పగా విన్నపుడే వాని బరువు తెలియును.

అయితే వృద్ధుల జ్ఞాపకమును వేదవాక్యముగా గ్రహింపరాదు. తేదీలు తారుమారగును; తన పాత్ర పెద్దదిగా తోచును; అడుగువాడు పాత మిత్రుడైనచో నొప్పించు ప్రశ్న అడుగడు. మఱియు గిలార్డ్ సేకరణయందు పెద్ద పదవులవారికే పెద్దపీట. కావున నోటిమాటను పత్రముతోను, పత్రమును నోటిమాటతోను సరిచూడవలెను.

పై కొఱతను కొంత తీర్చినది బి.బి.సి. స్థానిక కేంద్రములు చేసిన మఱియొక కృషి. 1998, 1999 సంవత్సరములలో 40 కేంద్రములవారు ఊరూర తిరిగి 5,000కు పైబడిన సామాన్యుల జీవితకథలను ముద్రించి, 640 అర్ధగంట కార్యక్రమములుగా ప్రసారము చేసిరి. ముద్రణములన్నియు బ్రిటిష్ లైబ్రరీకి సమర్పింపబడినవి. 2023 అక్టోబరులో ఆ గ్రంథాలయ కంప్యూటర్లపై దుండగులు దాడిచేయగా, అంతర్జాలమున వినవచ్చిన దాని శబ్దభాండారము సయితము మూతపడెను. ఒకసారి తెరచిన తలుపు సర్వకాలము తెరచియే యుండునని ధీమాగా నుండరాదనుటకు ఇది నిదర్శనము.

ఈ కథకు భారతదేశముతోను, ఆంధ్రులతోను సంబంధము లేకపోలేదు. హిల్డా మేథిసన్ క్రింద ప్రసంగ శాఖలో పనిచేసిన లయనెల్ ఫీల్డెన్ 1935లో భారతదేశమునకు ప్రసారశాఖాధిపతిగా వచ్చెను. 1936లో ఆలిండియా రేడియో అను పేరు ఆయన కాలముననే ఏర్పడెను. 1938లో మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసి తెలుగు పలుకును ఇంటింట వినిపించినవి. 1947 నవంబరు 12న గాంధీజీ ఢిల్లీ కేంద్రమునకు వచ్చి కురుక్షేత్రమునందలి కాందిశీకులనుద్దేశించి చేసిన ప్రసంగము ముద్రణమై నిలిచినది. మహాపురుషుల కంఠములు ఇట్లు నిలిచినవి. వాటిని చెవియొగ్గి విన్న పల్లెవాసుల కంఠములును నిలుపదగినవే.

గ్రంథములు ఉపయోగార్థమే యని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో తన ప్రథమ సూత్రమున బోధించెను. పూర్వము ఐరోపా ఖండమున పుస్తకములను గొలుసులతో బంధించి యుంచిన కాలమొకటి గలదు. కంఠములకును ఆ గొలుసు తొలగవలెను. ఇందుకు రాజధాని నగరములే కానక్కఱలేదు. నేడు చేతిఫోనుతోనే మాటను ముద్రింపవచ్చును. గ్రామ గ్రంథాలయము పూనుకొన్నచో, మగ్గము నేసినవారిని, బుఱ్ఱకథ చెప్పినవారిని, తుపానులను, కఱవులను దాటివచ్చినవారిని వారి యరుగులపైననే కూర్చుండబెట్టి చెప్పింపవచ్చును. చెప్పినవారి పేరు, తేదీ, స్థలము, వారి సమ్మతి ఒక పుస్తకమున వ్రాసి, రెండు ప్రతులు వేర్వేఱు చోట్ల నుంచి, అడిగినవారికి వినిపించు ఏర్పాటు చేసినచో చాలును. గిలార్డ్ ఏబదియవ యేట మొదలుపెట్టిన పనిని, రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఇరువదియైదవ యేటనే మొదలుపెట్టవచ్చును.