మిగిలిన వంట: ఫ్రిజ్‌లో ఎలా, ఎన్నాళ్లు?

పండుగలకూ, సంఘం భోజనాలకూ మనవాళ్లు లెక్కకు మించే వండుతారు. మిగిలింది పారేయడానికి మనసొప్పక ఇంటింటికీ పంచుకుంటాం. జాగ్రత్త తప్పితే అదే పిల్లలకూ, పెద్దవాళ్లకూ వాంతులు, విరేచనాలు తెస్తుంది.

ఎప్పుడు పెట్టాలి: వండిన 2 గంటల లోపు. వేడి 32 డిగ్రీలు దాటే ఎండాకాలంలో గంట లోపే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి.

ఎలా పెట్టాలి: పెద్ద గిన్నె అలాగే పెడితే నడుమ వేడి చాలాసేపు ఉండిపోతుంది. లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది, ఆవిరి తగ్గాక మూత పెట్టాలి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు మించకూడదు. పచ్చి మాంసం, చేపలు కింది అరలో, వండినవి పై అరలో ఉంచాలి.

అన్నం సంగతి: బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం బయటే ఉండిపోతే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి రాత్రంతా బయట మరిచిన అన్నానికి పొద్దున పోపు పెట్టి తినడం మంచిది కాదు. ఫ్రిజ్‌లోని అన్నం మర్నాటికల్లా అయిపోవాలి.

ఎన్నాళ్లు: పప్పు, కూరలు, సాంబారు 3 రోజులు. తినేటంత మాత్రమే తీసి, తెర్లేదాకా ఒక్కసారే కాచుకోవాలి.

కరెంటు పోతే: తలుపు తీయకుంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది.

ఇకపై సంఘం భోజనాల్లో మిగిలింది పంచేటప్పుడు డబ్బా మీద వండిన వేళ రాసి ఇస్తాం. చూసుకుని వాడుకోవలసిందిగా మనవి.