80 తాకితే వణుకు

వాన అప్పుడే వెలిసింది. కొండమల్లేపల్లి దాటిన టాక్సీ డిజైర్ దేవరకొండ వైపు సాఫీగా పోతోంది. 60. 70. ముల్లు 80 తాకింది. స్టీరింగ్ ఒక్కసారిగా దడదడలాడింది. డ్రైవర్ రెండు చేతులా అదిమి పట్టాడు. వణుకు మోచేతులదాకా పాకింది.

పొద్దున్నే వెనక టైర్లు ముందుకి, ముందువి వెనక్కి మార్పించి, బ్యాలెన్సింగ్ కూడా చేయించిన బండి అది. నిన్నటిదాకా ఈ వణుకు లేదు. తెల్లవారుజామున నెలలు నిండిన మనిషిని ఎక్కించుకుని హైదరాబాద్ పోవాలి. దేవరకొండలో మెకానిక్ షెడ్డు షట్టర్ అప్పటికే సగం దిగింది.

“అన్నా, జర ఆగు! స్టీరింగ్ మస్తు వణుకుతుంది.”

“బ్రేక్ తొక్కితేనా, ఉత్తగనేనా?”

“ఉత్తగనే. 80 కాడ.”

“సీటు?”

“సీటుకేం లేదు.”

“అయితె ముందు చక్రాలే.”

“అలైన్‌మెంట్ పోయిందేమో?”

“అలైన్‌మెంట్ పోతే బండి పక్కకు గుంజుతది. ఇట్ల వణకదు.”

జాకీ లేచింది. నట్లు ఊడాయి.

14 అంగుళాల రిమ్ము బండి 80లో పోతుంటే చక్రం సెకనుకు పదకొండు సార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉన్నా దాదాపు రెండు కిలోల బలంతో లాగుతుంది. 40లో అయితే అది అరకిలోనే. ఊళ్లో తిరిగినంతసేపూ తెలియనిది హైవే మీద బయటపడేది అందుకే.

రెండు చక్రాలూ మిషన్ మీద తిరిగాయి. రిమ్ము అంచు వంకర లేదు. తెర మీద సున్నా. మళ్లీ తిప్పాడు. మళ్లీ సున్నా. బ్యాలెన్సింగ్ సరిగ్గానే ఉంది. మరి వణుకు?

మెకానిక్ టార్చి తీశాడు. వెలుగు బ్రేకు డిస్కు మీదుగా జరిగి, నాలుగు స్టడ్‌ల మధ్య హబ్ మీదికి పాకి, బత్తాయి తోటల బాటల్లో ఎగిరి పడ్డ ఎర్రమట్టి తుప్పుతో కలిసి గట్టిపడిన చోట, బొటనవేలి గోరంత పెచ్చు దగ్గర ఆగిపోయింది. గోటితో గీకాడు. లేచింది. రిమ్ము లోపలి వైపు తిప్పి చూశాడు. సరిగ్గా అక్కడే దాని అచ్చు.

మిషన్ మీద చక్రం ఒక్కటే తిరుగుతుంది. బండికి ఎక్కితే అది హబ్‌కు ఆనుకుని నిలబడాలి. మధ్యలో పెచ్చు అడ్డం పడితే వెంట్రుకవాసి ఒరుగుతుంది. ఆ ఒరిగినదాన్ని గన్నుతో ఒక నట్టు తర్వాత ఒకటి వరసగా బిగించేస్తే వంకర అట్లాగే బిగుసుకుపోతుంది. అసలు భయం వణుకు గురించి కాదు. పెచ్చు నలిగి రాలితే నట్లే వదులవుతాయి.

ఇనుప బ్రష్ గరగరలాడింది. గుడ్డతో తుడుపు. నట్లు ముందు చేత్తో, ఆ తర్వాత ఎదురెదురుగా. జాకీ దించాక టార్క్ పానాతో చివరి బిగింపు. టక్. టక్.

డిండి రోడ్డెక్కారు. 70. డ్రైవర్ ఊపిరి బిగబట్టాడు. 80. 90. స్టీరింగ్ నిలకడగా ఉంది.

“హైదరాబాద్ చేరినంక నట్లు మల్లొక్కసారి చూపియ్యి. మర్వకు.”

ఈసారి టైర్లు మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. చక్రం ఎక్కించే ముందు హబ్ శుభ్రం చేయమని అడగండి. ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు మరోసారి చూపించుకోండి.