బాల న్యాయ వ్యవస్థలోని పిల్లలు: బాల్యపు గాయాలు, మానసిక ఆరోగ్యం

కేసుల్లో చిక్కుకుని నిర్బంధ గృహాలకు చేరే పిల్లల్లో అత్యధికులు అంతకు ముందే హింసకు గురైనవారో, దాన్ని కళ్లారా చూసినవారో అయి ఉంటారని పరిశోధనలు చెబుతున్నాయి. వీటిలో తరచూ ఉదహరించేది అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ జువెనైల్ ప్రాజెక్టు. లిండా టెప్లిన్ బృందం 1995–98 మధ్య షికాగోలోని కుక్ కౌంటీ నిర్బంధ కేంద్రంలో 10–18 ఏళ్ల పిల్లలు 1,829 మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసింది.

2002లో వెలువడిన ఫలితాల ప్రకారం అబ్బాయిల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, అమ్మాయిల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా కనీసం ఒక మానసిక రుగ్మత ఉంది. చట్టాన్ని ఉల్లంఘించడమే లక్షణంగా లెక్కలోకి వచ్చే ప్రవర్తనా రుగ్మతను పక్కన పెట్టినా అబ్బాయిల్లో ఈ వాటా సుమారు 60 శాతం. ఎంపికైన పిల్లల్లో 898 మందిని గతం గురించి విడిగా అడిగారు. 92.5 శాతం మంది కనీసం ఒక భయానక అనుభవాన్ని చెప్పారు. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించింది, ఎవరో తీవ్రంగా గాయపడటాన్నో, చనిపోవటాన్నో చూడటం లేదా వినటం.

ఆ అనుభవాలు రుగ్మతగా మారింది ఎందరిలో అన్నదానిపై లెక్కలు కలవవు. ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత షికాగోలో 11.2 శాతం మందిలో కనిపించగా, కాలిఫోర్నియాలో శిక్ష అనుభవిస్తున్న బాలురపై 1997లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం దాన్ని సుమారు మూడో వంతుగా చెప్పింది. అక్కడున్నది శిక్ష పడినవారు, షికాగోలో ఎక్కువమంది విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా పోల్చలేం.

గాయపడిన ప్రతి బిడ్డా నేరం వైపు వెళ్తాడని మాత్రం కాదు. కేథీ విడమ్ 1989 పరిశోధనలో, హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టుల్లో రుజువైన పిల్లల్లో బాల్యంలో అరెస్టయినవారు 26 శాతం. అలాంటి చరిత్ర లేనివారిలో అది 17 శాతం. ముప్పు పెరిగింది నిజమే. అయినా మొదటి వర్గంలోనూ నలుగురిలో ముగ్గురు అరెస్టు కాలేదు.

సాయం అవసరమైన పిల్లలను గుర్తించే పని కష్టమేమీ కాదు. థామస్ గ్రిస్సో, రిచర్డ్ బార్నమ్ రూపొందించిన మేసీ-2 అనే ప్రశ్నావళిలో ఉన్నవి 52 ప్రశ్నలు, అవును–కాదు జవాబులు. పది నిమిషాల్లో పూర్తవుతుంది. మిగతా ప్రశ్నలు గత కొన్ని నెలల గురించి అడిగితే, గాయాల విభాగం మాత్రం పుట్టినప్పటి నుంచీ జరిగినదంతా అడుగుతుంది. ఇది రోగ నిర్ధారణ కాదు, ఎవరిని ముందు నిపుణుల దగ్గరికి పంపాలో చెప్పే జల్లెడ. అసలు లోటు ఆ తర్వాతి మెట్టులో ఉంది. షికాగోలో తీవ్ర రుగ్మతతో సతమతమవుతున్నవారిలో కేంద్రంలో చికిత్స అందింది సుమారు 15 శాతానికే.

భారత్‌లో 2015 బాల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద, ఘోర నేరం మోపబడిన 16–18 ఏళ్ల వారి మానసిక సామర్థ్యాన్ని జువెనైల్ జస్టిస్ బోర్డు అంచనా వేయాలి. బోర్డులో బాలల మనస్తత్వ నిపుణులు లేకుంటే బయటి నిపుణుల సాయం తప్పనిసరని 2022 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఈ అంచనా, పిల్లవాడిని పెద్దవాడిగా విచారించాలా అన్నది తేల్చడానికే. చికిత్స మాట 53వ సెక్షన్‌లో వస్తుంది: గృహాల్లో కౌన్సెలింగ్ సహా మానసిక ఆరోగ్య సేవలు అందించాలని అది చెబుతోంది.