మార్చిన స్పీకర్ చెప్పే చరిత్ర: గిటార్ యాంప్లిఫయర్ ఒక భౌతిక ఆధారం

1. పరిచయం

శాసనాలు, నాణేలు, దస్తావేజుల మాదిరిగానే యంత్రాలు కూడా చరిత్ర రచనకు ఆధారాలే. అయితే వాడుకలో ఉన్న యంత్రానికి భాగాలు మారుతూ ఉంటాయి. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్లిఫయర్‌లో అలా మారే ముఖ్యమైన భాగం స్పీకర్. దాని కాగితపు కోన్ చిరుగుతుంది, కోన్‌ను కదిలించే తీగచుట్ట కాలిపోతుంది. అప్పుడు దాని స్థానంలో ఏ స్పీకర్ వేయాలనే ప్రశ్న వస్తుంది. ఈ ఎంపికను సంగీతకారుని చెవి మాత్రమే కాక లోహాల ధరలు, పరిశ్రమల స్థితి కూడా నిర్ణయించాయి. ఆ క్రమాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

2. అయస్కాంతం మారిన క్రమం

1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రచురించిన పరిశోధన పత్రం ఆధునిక స్పీకర్‌కు పునాది వేసింది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్ట గుండా విద్యుత్ సంకేతం ప్రవహించినప్పుడు అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోపాటు కోన్ కదిలి ధ్వని పుడుతుంది. మొదట్లో ఇందుకు విద్యుదయస్కాంతాలను ఎక్కువగా వాడేవారు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో అనే మిశ్రమలోహంతో బలమైన శాశ్వత అయస్కాంతాలు సాధ్యమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత గిటార్ యాంప్లిఫయర్లలో ఇవే స్థిరపడ్డాయి.

1950 దశకం ఆరంభంలో ఫిలిప్స్ సంస్థ ఐరన్ ఆక్సైడ్ ఆధారంగా సిరామిక్ అయస్కాంతాన్ని రూపొందించింది. ఇందులో కోబాల్ట్ అవసరం లేదు కాబట్టి ఇది చౌక. అమెరికాకు చెందిన జెన్సెన్ కంపెనీ మోడల్ పేర్లలో ఈ క్రమమంతా కనిపిస్తుంది. ‘ఎఫ్’ విద్యుదయస్కాంతానికి, ‘పి’ శాశ్వత ఆల్నికో అయస్కాంతానికి, ‘సి’ సిరామిక్‌కు గుర్తులు.

1978లో ఆఫ్రికాలోని జైర్ దేశంలో, గనులున్న షాబా రాష్ట్రంలో యుద్ధం జరిగింది. ప్రపంచ కోబాల్ట్‌లో పెద్ద భాగం ఆ దేశానిదే కావడంతో ధర అనేక రెట్లు పెరిగింది. ఆల్నికో స్పీకర్ మరింత ఖరీదైన వస్తువైంది. మధ్య ఆఫ్రికా గనుల సంక్షోభం దూరదేశాల సంగీతకారుల ఎంపికను కూడా ప్రభావితం చేసిందని దీనివల్ల గ్రహించవచ్చు.

3. శక్తి సమస్య: మార్షల్ ఉదాహరణ

1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం వారు అమెరికా ఫెండర్ బాస్‌మన్ నమూనా ఆధారంగా ఒక యాంప్లిఫయర్ తయారుచేశారు. బాస్‌మన్‌లో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లుండేవి. మార్షల్ 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లను ఎంచుకున్నాడు. అప్పట్లో అవి ఒక్కొక్కటి సుమారు 15 నుంచి 20 వాట్లు మాత్రమే తట్టుకొనేవి. రెండు స్పీకర్లతో చేసిన పెట్టెలు ఆ శక్తికి తాళలేక పాడయ్యేవి. అందుకే నాలుగు స్పీకర్లను ఒకే మూసిన పెట్టెలో అమర్చారు. తరువాత రాక్ సంగీత వేదికలకు గుర్తుగా మారిన ఆ పెద్ద పెట్టె, నిజానికి స్పీకర్ బలహీనతకు కనుగొన్న పరిష్కారం.

4. నేటి ఎంపికలో గమనించవలసిన అంశాలు

అ) ఓంలు: కొత్త స్పీకర్ ఓం విలువ యాంప్లిఫయర్ కోరిన విలువకు సరిపోవాలి. రెండు 8 ఓంల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓంలు, శ్రేణిలో కలిపితే 16 ఓంలు అవుతాయి.

ఆ) వాట్లు: స్పీకర్ తట్టుకొనే శక్తి యాంప్లిఫయర్ ఇచ్చే శక్తి కంటే ఎక్కువగా ఉండటం క్షేమం.

ఇ) సెన్సిటివిటీ: దీనిని డెసిబెల్స్‌లో చెబుతారు. 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్‌ను వేస్తే, యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం వస్తుంది.

పేరును బట్టి నిర్ణయించరాదు. 1986లో వచ్చిన సెలెస్టియన్ ‘వింటేజ్ 30’ తట్టుకొనేది 60 వాట్లు. ‘వింటేజ్’ అన్నా అందులో ఉన్నది సిరామిక్ అయస్కాంతమే. పాత ఆల్నికో ధ్వనిని తిరిగి సాధించే ప్రయత్నం ఆ పేరులో ఉంది.

5. ఆధారాన్ని పరిశీలించే పద్ధతి

పాత అమెరికన్ స్పీకర్ల ఫ్రేముపై అంకెలు ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 220532 అనే సంఖ్యలో 220 జెన్సెన్ కంపెనీని, 5 సంవత్సరం చివరి అంకెను, 32 వారాన్ని సూచిస్తాయి. అయితే అది 1955 కావచ్చు, 1965 కూడా కావచ్చు. అయస్కాంతం రకం, యాంప్లిఫయర్‌లోని ఇతర భాగాల తేదీలతో పోల్చి నిర్ధారించాలి. స్పీకర్ తేదీ యాంప్లిఫయర్ తేదీకి చాలా తరువాతిదైతే, స్పీకర్ మార్చినట్లే. ఆ సంగతి గుర్తించకుండా దాని ధ్వనిని ‘1950ల నాటి ధ్వని’ అని రాస్తే, తరువాత అతికించిన పుటను మూలగ్రంథంగా భావించిన పొరపాటే అవుతుంది.

కాబట్టి స్పీకర్ మార్చేవారు పాతదాన్ని పారవేయకుండా, మార్చిన తేదీ రాసి భద్రపరచడం మంచిది. మరమ్మతు వల్ల వాద్యం మళ్లీ పలుకుతుంది, ఆధారమూ మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1978 తరువాత ఆల్నికో స్పీకర్లు మరింత ఖరీదు కావడానికి కారణమేమిటి?
2. స్పీకర్‌పై ఉన్న తేదీ సంకేతాన్ని ఇతర ఆధారాలతో ఎందుకు పోల్చాలి?